ఇనుప పట్టీ మీద దెబ్బ

మెరెటె రంపం సంగతి ఆ బాలబడిలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. ఏటా చలికాలం చివర పిల్లలు వేషాలు కట్టే ఫాస్టెలావ్న్ పండగ ముందు ఆమె చిన్న రంపం ఒకటి కోటు కింద దాచుకుని పెరట్లో సామాన్ల కొట్టులోకి వెళ్తుంది. పండగనాడు పిల్లలు కర్రతో కొట్టాల్సిన పీపా అక్కడ ఉంటుంది. దాని చెక్కల్ని లోపలి వైపునుంచి సగం దాకా కోసి, పైకి కనపడకుండా సర్ది, ఏమీ ఎరగనట్టు చేతులు దులుపుకుంటూ బయటికొస్తుంది. కొయ్యకపోతే అంత గట్టి చెక్కని అయిదేళ్ళ చేతులు ఎక్కడ విరగ్గొడతాయి?

కానీ రంపం పని అక్కడితో అయిపోదు. ఏ చెక్క ముందు ఊడాలి, ఏది చివరిదాకా వేలాడాలి, వరసలో ఎవరి వెనక ఎవరు నిలబడాలి, ఇవన్నీ మెరెటె మనసులో ముందే కూర్చుకుంటుంది. చివరి చెక్క పడగొట్టిన వాళ్ళే ఆ ఏటి పిల్లిరాజు. వెనకటి రోజుల్లో పీపాలో పిల్లిని పెట్టేవారట, ఆ పేరు అలా మిగిలిపోయింది. బంగారు కాగితం కిరీటం వాళ్ళకే. ఏడాది పొడుగునా ఏ ఆటలోనూ నెగ్గని పిల్లో పిల్లాడో ఆ ఒక్కరోజు రాజవుతారు. స్నానానికి కూడా ఆ కిరీటం తియ్యరని మర్నాడు తల్లులు వచ్చి చెబుతారు. "మెరెటె చేతిలో రంపం ఉన్నంతకాలం దేవుడు సెలవు పెట్టుకోవచ్చు," అనేవాడు బాలబడి పెద్ద ప్రెబెన్. మెరెటె కాదనేది కాదు. జుట్టు నెరిసేదాకా చేసిన టీచర్ పనిలో తనకి తిరుగులేదని ఆమెకి తెలుసు. తెలిసినట్టే నడిచేది.

ఈ ఏడు కిరీటం ఆస్గర్‌దని ఎప్పుడో నిర్ణయమైపోయింది. ఆస్గర్ మాట పెదాల దాకా వచ్చి ఆగిపోయే పిల్లాడు. ఏదైనా అడిగితే స్వెట్టర్ చేతుల్లోకి వేళ్ళు లాక్కుని నేల చూస్తాడు. బుధవారం పొద్దున సాయం పట్టే వంతు వాడిది. గుండ్రంగా కూర్చున్న పిల్లలందరి ముందూ లేచి, కిటికీలోంచి చూసి, ఆకాశం ఎలా ఉందో ఆ బొమ్మ గోడకి తగిలించాలి. వాడు కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. మెరెటె తొందరపెట్టలేదు. చివరికి వాడి చెయ్యి మబ్బు బొమ్మ మీదికి వెళ్ళింది.

"అది మబ్బు కాదు," అంది పిల్లల్లోంచి రూన. "సముద్రం మీంచి వచ్చిన పొగమంచు. అన్నాలవేళకి పోతుంది."

ఆస్గర్ చెయ్యి వెనక్కి వచ్చేసింది. వేళ్ళు స్వెట్టర్‌లోకి దూరిపోయాయి.

"రూనా, ఇవాళ వంతు ఎవరిది?" అంది మెరెటె.

"ఆస్గర్‌ది. కానీ వాడు తప్పు పెడుతున్నాడు."

"పెట్టనీ."

"తప్పని తెలిసి కూడానా?"

"నువ్వేం పెద్దదానివి కాదు! మెరెటె ఉంది పెద్దది!" అని విలాడ్స్ అరిచాడు. పిల్లలంతా ఆ మాట అందుకున్నారు. రూన వాళ్ళకేసి చూసింది కానీ, వాళ్ళెందుకు అరుస్తున్నారో ఆ పిల్లకి నిజంగా అర్థం కాలేదు. తను తగువాడలేదు, పొగమంచు గురించి చెప్పింది, అంతే.

తెలివైన పిల్లలు మెరెటెకి కొత్త కాదు. నెమ్మదైన వాళ్ళతో ఏ బాధా ఉండదు. తెలిసింది కడుపులో పెట్టుకుని, అడిగితే చెబుతారు, అడక్కపోతే బొమ్మలకి రంగులేసుకుంటారు. రూన ఆ రకం కాదు. తండ్రి పడవలకి రంగులేసే చోట తిరుగుతూ, పడవల మీది పేర్లు చూసి తనంతట తనే చదవడం పట్టేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే పిల్ల, లెక్కపెట్టి ఊరుకోకుండా ఎన్నున్నాయో పదిమందిలో చెప్పే పిల్ల. అందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి.

ఆ మధ్యాహ్నం పెరట్లో విలాడ్స్ గుంపు బల్ల మీదెక్కి పడవ ఆట మొదలుపెట్టింది. రూన కూడా ఎక్కింది. కాసేపటికే, "కెప్టెన్ ఊరికే నీళ్ళలోకి దూకకూడదు, అప్పుడు పడవ ఎవరు నడుపుతారు?" అని అడిగింది. విలాడ్స్ మళ్ళీ దూకాడు. రూన మళ్ళీ అడిగింది. మూడోసారికి పిల్లలంతా బల్ల దిగి జారుడుబండ దగ్గరికి పోయారు. ఒడ్డునే నిలిచిపోయిన పడవలో రూన ఒక్కత్తే కాసేపు కూర్చుని, తర్వాత పార తెచ్చుకుని తడి ఇసకలో కాలవ తవ్వుకోసాగింది. కాలవ మంచి వాలుతో వచ్చింది. చూడ్డానికి ఎవరూ లేరు.

మెరెటె కిటికీలోంచి చూసింది. ఆమెకి జాలేసింది. జాలితోపాటు తన నిర్ణయం సరైనదేనన్న ధైర్యమూ కలిగింది. ఆగస్టులో ఈ గుంపంతా పెద్దబడికి వెళ్తుంది, రూన మాత్రం మరో ఏడాది ఇక్కడే ఉండాలి. పచ్చికాయని చెట్టునుంచి తెంపకూడదు. ప్రెబెన్ సరేనన్నాడు. శుక్రవారం పండగ అయ్యాక తండ్రి ఎస్కిల్ వచ్చి కూర్చుంటాడు, అతను ఊఁ అంటే అయిపోయినట్టే. మెరెటె చెప్పాక కాదన్న తల్లిదండ్రులు ఇంతవరకు లేరు.

గురువారం వాన పడింది. పిల్లలు వానకోట్లు తొడుక్కుని పెరట్లో బురద తొక్కుతుంటే, మెరెటె కొట్టులో పీపాని తిరగేసి మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చుంది. అడుగుపలక ఊడదీసి, చెయ్యి లోపలికి పెట్టి ఒక్కో చెక్కా కోస్తోంది. రంపం లాగే ప్రతిసారీ ఊపిరి బిగబట్టి, పొట్టు ఊది, వేలితో కోత లోతు చూసుకుంటోంది. ఆస్గర్ చెక్క మిగతావాటికన్నా తక్కువ కోసింది, చివరిదాకా నిలవాలి గదా. తలుపు కిర్రుమంది.

రూన. చేతిలో పార, ముక్కు మీంచి కారుతున్న వాననీళ్ళు.

"నీళ్ళు ఈ గుమ్మం కిందనించి వస్తున్నాయి. ఎక్కణ్ణించి మొదలవుతున్నాయో చూద్దామని వచ్చా," అంది. తర్వాత, "ఏం చేస్తున్నావ్?" అంది.

"పీపా బాగుచేస్తున్నా."

రూన పార గోడకి ఆనించి వంగింది. కోతలో వేలు పెట్టింది. పక్క కోతలో పెట్టింది. చుట్టూ తిరిగి ఒక్కో చెక్కా తడిమి చూసింది. మెరెటెకి ఏ డాక్టరో తనని పరీక్ష చేస్తున్నట్టు ఒళ్ళు ముడుచుకుంది.

"బాగు చెయ్యట్లేదు. పాడు చేస్తున్నావ్. ఇది చివర్న ఊడుతుంది," అని ఒక చెక్క మీద తట్టింది. "ఎవరికోసం?"

"ఎవరికోసమూ లేదు."

రూన మెరెటె మొహంలోకి చూస్తూ నిలబడింది. అబద్ధం చెప్పిన పిల్లల్ని మెరెటె ఎలా చూస్తుందో, అచ్చం అలాగే చూసింది.

"సరే. ఆస్గర్ కోసం," అంది మెరెటె. "వాడు ఇంతవరకు ఏదీ గెలవలేదు."

"అయితే కిరీటం వాడి చేతికి ఇచ్చెయ్యి."

"ఇచ్చేస్తే సరదా ఏముంది? తనే గెలిచానని అనుకోవాలి వాడు."

"అంటే వాడికి అబద్ధం చెబుతున్నావ్."

"మంచికోసం. అందరికీ ఏదో ఒక రోజు రావాలి కదా రూనా."

రూన తల వంచుకుని ఆలోచించింది. వానకోటు అంచునుంచి నీళ్ళు రంపప్పొట్టు మీద పడుతున్నాయి. "పోయినేడు నేను పిల్లిరాజునయ్యాను," అంది మెల్లిగా. "అదీ నువ్వు కోసిపెట్టిందేనా?"

అవునంటే గొడవ వదిలిపోయేది. ఈ పిల్ల పొగరూ కాస్త దిగేది. కానీ మెరెటెకి ఎందుకో ఆ మాట నోరు దాటి రాలేదు.

"కాదు. అది నువ్వే కొట్టావు. ఎక్కడ కొట్టాలో చూసుకుని మరీ కొట్టావు."

రూన మొహం ఒక్కసారి వెలిగి, అంతలోనే మళ్ళీ ముడుచుకుంది. "మరి నువ్వు ఎవరికోసం కోశావు?"

"...ఆస్గర్ కోసమే."

"వాడి కిరీటం నేను తీసుకున్నానా?"

"నీకు తెలీదు కదా."

"తెలీకపోయినా తీసుకున్నాను," అంది రూన. పార అందుకుంది. గుమ్మం దగ్గర ఆగింది. "వచ్చే ఏడు అందరూ బడికెళ్ళాక నేను ఇక్కడే ఉంటానని నాన్న చెప్పాడు. ఎందుకు?"

ఎదురుగా అడిగాక ఎదురుగానే చెప్పాలి. "నీకు ఆగడం రావాలి," అంది మెరెటె. "నోరు ఆపుకోవడం రావాలి. వేరేవాళ్ళని కూడా గెలవనివ్వడం రావాలి. అవి వచ్చాకే బడి."

రూన తల ఆడించింది. ఏడవలేదు. ఆ పిల్ల వెళ్ళిపోయాక మెరెటె గుమ్మం కింద చూసింది. నీళ్ళు నిజంగానే లోపలికి వస్తున్నాయి, ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదు.

రూన నోట్లో నువ్వుగింజ నానదు. శుక్రవారం పొద్దునకల్లా ఈ రంపం సంగతి పిల్లలందరికీ పాకిపోతుందని, తన ఇన్నేళ్ళ గుట్టు రట్టవుతుందని మెరెటె గుండె రాయి చేసుకుని వచ్చింది. బట్టలు తగిలించుకునే గదిలో చెవులు రిక్కించి తిరిగింది. పిల్లలు కత్తుల గురించి, రెక్కల గురించి, క్రీము బన్నుల గురించి మాట్లాడుకుంటున్నారు. పీపా ఊసు ఎవరూ ఎత్తలేదు.

విలాడ్స్ కవచం తొడుక్కుని వీరుడిలా వచ్చాడు. ఆస్గర్ ఎలుగుబంటి వేషం వేశాడు, చేతులు దాచుకోవడానికి ఆ పంజాలు వాడికి బాగా పనికొచ్చాయి. రూన లైట్‌హౌస్ అయింది. ఎస్కిల్ అట్టతో చేసి, పడవలకి మిగిలిన ఎరుపూ తెలుపూ రంగులు పట్టీలుగా వేసి, నెత్తిన నిజం దీపం కూడా పెట్టాడు. తలుపుల్లోంచి పక్కగా తిరిగి రావలసి వచ్చింది ఆ పిల్ల.

పెరట్లో కొయ్యచట్రానికి పీపా వేలాడదీశారు. తల్లిదండ్రులు కాఫీలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. మెరెటె వరస సర్దింది. చిన్నవాళ్ళు ముందు, చివర్న విలాడ్స్, వాడి వెనక రూన, రూన వెనక ఆస్గర్. రూన దగ్గరికొచ్చేసరికి రెండు చెక్కలు మిగలాలి. ఒకటి రూన కొడుతుంది, చివరిది ఆస్గర్‌కి.

అంతా అనుకున్నట్టే నడిచింది. దెబ్బ దెబ్బకీ పీపా ఊగింది, అడుగు ఊడి మిఠాయిలు రాలాయి, పిల్లలు ఎగబడి ఏరుకున్నారు. చెక్కలు చెప్పిన మాట విన్నట్టు ఒకటొకటే పడ్డాయి. తర్వాత విలాడ్స్ వచ్చాడు. కవచం ఇచ్చిన ఊపో, తండ్రి చూస్తున్నాడన్న ఉత్సాహమో, కర్ర గిరగిరా తిప్పి కొట్టిన ఒక్క దెబ్బకి రెండు చెక్కలు ఎగిరిపోయాయి. పీపా అంటూ ఇంకేమీ లేదు. చెక్కల్ని బిగించి ఉంచే పై ఇనుప పట్టీ, దానికి వేలాడుతూ ఒకే ఒక్క చెక్క.

అది ఆస్గర్ చెక్క, వంతేమో రూనది.

రూన లైట్‌హౌస్ లోంచి కిందికి దూరి బయటికొచ్చి, దాన్ని జాగ్రత్తగా నిలబెట్టి, కర్ర అందుకుంది. చెక్క కింద నిలబడి తల ఎత్తి చూసింది. కోత ఎక్కడుందో ఆ పిల్లకి తెలుసు. పోయినేడు ఏమీ తెలియకుండానే తగిన చోటు కనిపెట్టి కొట్టిన పిల్ల, ఈసారి వేలు పెట్టి చూసిన చోటే కొట్టాలి. కాళ్ళు ఎడంగా పెట్టుకుంది. భుజం సవరించుకుంది. కర్ర మొన సరిగ్గా కోతకేసి నిలిచింది.

అప్పుడు ఆ మొన జానెడు పక్కకి జరిగింది.

ఠంగుమని మోగింది. తన చేతనైనంత బలంగా ఇనుప పట్టీ మీద కొట్టింది రూన. పీపా ఊగింది, చెక్క అలాగే ఉంది.

"హహ! రూనకి రాలేదు! రూన తప్పు కొట్టింది!" విలాడ్స్ గంతులేశాడు. ఏడాదిగా ఎదురుచూస్తున్న మాట కాబట్టి పిల్లలంతా గొంతు కలిపారు. పెద్దవాళ్ళు కూడా కొందరు నవ్వారు. రూన చెవులు కందిపోయాయి. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. కర్ర ఆస్గర్ పంజాలో పెట్టి, తన లైట్‌హౌస్ దగ్గరికి నడిచింది.

"నీకు గురి తప్పింది కదా? తప్పింది కదా?" విలాడ్స్ వెంటపడ్డాడు.

"పట్టీకి తగిలింది," అంది రూన, మళ్ళీ లైట్‌హౌస్ లోపలికి దూరుతూ. ఆ పిల్ల అబద్ధం చెప్పదు.

ఆస్గర్ కళ్ళు మూసుకుని కొట్టాడు. చెక్క పడింది. వాడు కళ్ళు తెరిచి, కింద పడ్డ చెక్కని చూసి, "నేనే!" అని అరిచాడు. అంత గొంతు వాడిలో ఉందని ఎవరికీ తెలియదు. మళ్ళీ అరిచాడు. వాళ్ళమ్మ కాఫీ కప్పు నేలమీద పెట్టేసి మొహం కప్పుకుంది. మెరెటె కిరీటం పెడుతుంటే ఎలుగుబంటి తల అడ్డొచ్చింది, దాన్ని వెనక్కి లాగి జుట్టు మీదే పెట్టింది. చప్పట్ల మధ్య ఎరుపూ తెలుపూ అట్ట మీద చిన్న దీపం వెలుగుతూ కనిపించింది. లోపల పిల్ల ఏడుస్తోందో లేదో తెలియలేదు.

మధ్యాహ్నం ప్రెబెన్ గదిలో మిగిలిన బన్నులు, కాఫీ. ఎస్కిల్ గోళ్ళలో ఎర్రరంగు ఇంకా పోలేదు. భార్య ఆస్పత్రి డ్యూటీలో ఉంది కాబట్టి ఒక్కడే వచ్చాడు.

"మాకు సమ్మతమే," అన్నాడు. "నువ్వన్నావంటే ఆలోచించే అని ఉంటావు మెరెటె. ఇంట్లో కూడా దాని ప్రశ్నలతో మా తల వాచిపోతోంది. రాత్రి అన్నం దగ్గర ఏమడిగిందో తెలుసా? తెలిసి తెలియనట్టు ఉంటే అది అబద్ధమా అని. నాకేం తెలుసు? బంగాళాదుంపలు తినమన్నాను."

ప్రెబెన్ నవ్వాడు. "అయినా ఇవాళ చూశారుగా, మొదటిసారి ఓడిపోయింది. ఓడిపోయి గోల చెయ్యకుండా పక్కకి తప్పుకుంది! దారిలోకి వస్తోంది. ఇంకొక్క ఏడాది మెరెటె చేతిలో ఉంటే అందరి పిల్లల్లా అయిపోతుంది."

మెరెటె బన్ను తుంచబోయి ఆగింది.

"అవుతుంది," అంది. "అదే నా భయం."

ఇద్దరూ ఆమెకేసి చూశారు.

"రూన గురి తప్పలేదు. ఆ చెక్క ఎక్కడ కోసి ఉందో దానికి తెలుసు, నా రంపం చూసింది. కావాలనే పట్టీ మీద కొట్టింది. అందరి చేతా నవ్వించుకుని, ఒక్క మాట బయటపెట్టకుండా వెళ్ళి కూర్చుంది. ఆగడం రాదన్నాను. నోరు ఆపుకోవడం రాదన్నాను. ఎదటివాళ్ళ కష్టం పట్టదన్నాను." ఆమె గొంతు ఎప్పటిలాగే గట్టిగా ఉంది. కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడటం ఆమెకి అలవాటే, తన మీద తనే మాట్లాడుకోవడం మాత్రం కొత్త. "నేనే పొరబడ్డాను ఎస్కిల్. పిల్లని ఆగస్టులో బడికి పంపు."

"కానీ అక్కడ కూడా ఇలాగే టీచర్‌ని సరిదిద్దుతూ కూర్చుంటే?" అన్నాడు ప్రెబెన్.

"కూర్చోనీ. టీచర్‌తో నేను మాట్లాడతాను. ఈ పిల్ల అడిగితే బదులు చెప్పాలి, నోరు మూయించకూడదు అని చెబుతాను. మనం ఇక్కడ చేసింది మూయించడమే. ఇంకో ఏడాది ఉంచితే నేను దానికి నేర్పేదల్లా చేతనయ్యి కూడా పట్టీ మీద కొట్టడం ఒక్కటే. అదీ నిన్న చెబితే ఇవాళ నేర్చేసుకుంది." బన్ను పక్కన పెట్టేసి, "ఇన్నేళ్ళూ నా దగ్గర బుద్ధిమంతులనిపించుకుని వెళ్ళిన పిల్లలున్నారు. వాళ్ళలో ఎంతమంది అలా కొట్టారో నాకు తెలీదు ప్రెబెన్," అంది.

ప్రెబెన్ కాఫీ తాగాడు. ఎస్కిల్ గోటి రంగు గీరుకుంటూ, "కావాలనే కొట్టిందా?" అన్నాడు. అతని మొహం నిండా గర్వమే, దాన్ని దాచుకోవడం అతనికి చేతకాలేదు.

బట్టల గదిలో రూన తన పేరున్న కొక్కెం కింద కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. లైట్‌హౌస్ పక్కనే నిలబడి ఉంది. మెరెటె వెళ్ళి చిన్న బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేంత కిందికి కూర్చుంది.

"నువ్వు లెక్క తప్పావు," అంది రూన తలెత్తకుండానే. "విలాడ్స్ బలం సరిగ్గా చూసుకోలేదు. వాడికి ముందు గట్టి చెక్క పెట్టాల్సింది."

"నిజమే."

"ఇప్పుడు ఆస్గర్ కిరీటం ఆస్గర్‌కి వెళ్ళిపోయింది. ఇంక నేనేం తీసుకోలేదు." రెండో బూటు లాగింది. "వచ్చే ఏడు నేను సాయం చేస్తాలే. ఎలాగూ ఇక్కడే ఉంటాగా."

మెరెటెకి అప్పుడు తెలిసింది. బడికోసం చేసిన పని కాదది. బేరం పెట్టుకోవాలని ఈ పిల్లకి తోచనే లేదు. తను తీసుకున్నది తిరిగి ఇచ్చేసింది, ఆ తర్వాత శిక్ష యథాతథంగా ఉంటుందనే అనుకుంటోంది.

"ఉండవు," అంది మెరెటె. "ఆగస్టులో నువ్వు బడికి వెళ్తున్నావు. అందరితోపాటు."

రూన బూటు వదిలేసి తలెత్తింది. కొట్టులో చూసినట్టే చూసింది, మొహం అంతా, నెమ్మదిగా, వేలితో తడిమినట్టు.

"ఇది కూడా నువ్వు కోసిపెట్టావా?" అంది.

"లేదు. ఇది నువ్వే కొట్టావు."

రూన ఇంకాసేపు చూసింది. తర్వాత బూటు పూర్తిగా తొడుక్కుని లేచి, లైట్‌హౌస్‌ని రెండు చేతులా పట్టుకుని, తలుపు ఎంత వెడల్పుందో కళ్ళతోనే కొలిచి, పక్కకి తిప్పింది.